వెళ్ళిన కరెంటు తిరిగి రావాలి

మా మేనల్లుడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చేశాడు. మూడేళ్ళు మధురవాడ అపార్ట్‌మెంట్లకు వైరింగు చేశాడు. ఇప్పుడు దుబాయిలో ఒక మెరీనాలో పనికి కుదిరాడు. వచ్చే నెల ప్రయాణం. "మావయ్యా, ఇంటి వైరింగుకీ బోటు వైరింగుకీ ఏమిటి తేడా?" అన్నాడు భోజనాల దగ్గర. "ఇల్లు ఉప్పునీళ్ళలో తేలదురా" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఒక్క ముక్క అర్థం కావడానికి నాకు దాదాపు పాతికేళ్ళు పట్టింది మరి.

నేను మొదట ఏడేళ్ళు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల మీద పనిచేశాను. అక్కడ బ్యాటరీలు, లైట్లు, డైనమో, అంతే. 1991లో షార్జా వెళ్ళాక అసలు తలనొప్పి మొదలైంది. ఆ బోట్లలో ఏసీలు, గీజర్లు, ఫ్రిజ్‌లు, పొయ్యిలు, ఇల్లంతా ఉంటుంది. జెట్టీకి కట్టినప్పుడు జెనరేటర్ ఆపేసి, ఒడ్డు మీది స్తంభం నుంచి లావుపాటి కేబుల్ వేసి కరెంటు తీసుకుంటారు. దాన్ని షోర్ పవర్ అంటారు, మేం ఉట్టి 'షోర్' అనేవాళ్ళం. సముద్రంలో అన్నీ చక్కగా పనిచేసి, జెట్టీకి కట్టగానే మొరాయించే బోట్లే నా జీతం. మా వాడి కోసం రాసుకున్నవి ఇవి. అంకెలు లెక్క కోసమే వేశాను, ముందు వచ్చింది గొప్పదని కాదు.

1. బోటు ఎక్కకముందు స్తంభం చూడు

కొత్తలో ఒక బోటులో కరెంటు రావడం లేదంటే నేరుగా లోపలికి వెళ్ళి ప్యానెల్ బోర్డు విప్పాను. మూడు గంటలు చెమటలు కక్కాను. చివరికి చూస్తే స్తంభంలో ఎంసీబీ లోపల కాంటాక్టు కాలిపోయింది. పైకి పిడి ఎత్తే ఉంది, లోపల కలవడం లేదు. ఆ రోజు మా ఫోర్‌మన్ ఏమీ అనలేదు. టీ తెప్పించి ఇచ్చాడంతే. తిట్టినా బాగుండేది.

గల్ఫ్‌లో స్తంభం మీద నీలం సాకెట్ ఉంటే 230 వోల్టులు సింగిల్ ఫేజు, ఎర్రది ఉంటే 400 వోల్టులు త్రీ ఫేజు. ముందు అక్కడ మీటరు పెట్టు. తర్వాత కేబుల్ రెండో కొస, తర్వాత బోటు ఇన్‌లెట్ వెనక, తర్వాత మెయిన్ ఎంసీబీ, ఆ పైన ప్యానెల్. కరెంటు నడిచిన దారినే నువ్వూ నడు. మధ్యలోకి దూకితే నాలాగే మూడు గంటలు.

2. ఐదు వోల్టులు ఎక్కడికి పోయాయో అడుగు

స్తంభం దగ్గర 230 ఉంది, బోటులోనూ 230 ఉంది, అంతా బాగుంది అనుకుంటారు. ఏ సామానూ వేయకుండా కొలిస్తే తెగడానికి సిద్ధంగా ఉన్న కాంటాక్టు కూడా నిండు వోల్టేజీ చూపిస్తుంది. ఏసీ, గీజరు రెండూ వేసి, పది నిమిషాలాగి, అప్పుడు కొలవాలి. అప్పుడు బయటపడుతుంది అసలు రంగు.

ఒక లెక్క చెప్తాను, ఇది నేను ప్రతి కొత్త కుర్రాడికీ చెప్పాను. ప్లగ్గులో ఒక పిన్ను వదులైంది. అక్కడ అడ్డు 0.2 ఓములే అనుకో, చాలా మీటర్లలో వైర్ల అడ్డుకీ దీనికీ తేడా కూడా తెలియదు. 25 ఆంపియర్లు పారితే అక్కడ పడే వోల్టేజీ ఐదే. ఐదు వోల్టులంటే ఎవరికీ లెక్కలేదు. కానీ 25ని ఐదుతో గుణించు, 125 వాట్లు. పెద్ద సోల్డరింగ్ ఐరన్‌కి ఉండేంత వేడి, చిటికెన వేలంత ఇత్తడి పిన్నులో, ప్లాస్టిక్కు మధ్య, రాత్రంతా. పైన ఎండ 45 డిగ్రీలు.

ఎంసీబీ దీనికి ట్రిప్పవదు. దాని లెక్కలో అంతా సవ్యమే. వేడెక్కిన పిన్ను మెత్తబడుతుంది, మెత్తబడితే పట్టు సడలుతుంది, పట్టు సడలితే అడ్డు పెరుగుతుంది, అడ్డు పెరిగితే ఇంకా వేడి. ఈ చక్రం ఒకసారి మొదలయ్యాక దానంతటది ఆగదు. ప్లగ్గు విప్పినప్పుడు ఒక పిన్ను గోధుమరంగుకి తిరిగి, దాని చుట్టూ ప్లాస్టిక్కు పొంగి కనిపిస్తే, ఉప్పు కాగితంతో రుద్ది మళ్ళీ పెట్టకు. ప్లగ్గూ సాకెట్టూ రెండూ మార్చు. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని నెలలో తినేస్తుంది. యజమాని ఒక్క వైపే మార్చమంటాడు, డబ్బులు కదా. మార్చనని చెప్పి వచ్చేసిన రోజులు కూడా ఉన్నాయి నాకు.

కేబుల్ మిగిలిందని చుట్ట చుట్టి డెక్ మీద పెట్టడం కూడా ఇలాంటిదే. చుట్ట మధ్యలో వేడికి పోయే దారి ఉండదు. ఎనిమిది అంకె ఆకారంలో పల్చగా పరువు.

బోటు నిప్పు బోటుతో ఆగదు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఏం జరిగిందో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. దాని కారణం వేరు, దాన్ని కరెంటుకి అంటగట్టను. కానీ పక్కపక్కన కట్టిన బోట్లు ఒకదాన్నించి ఒకటి ఎలా అంటుకున్నాయో చూశాక, గోధుమరంగు పిన్ను విషయంలో నేను పట్టిన పట్టు తప్పు కాదనుకున్నాను.

3. నల్ల వైరుని నమ్మకు

మనం నేర్చుకున్నది ఏమిటి? ఎరుపు, పసుపు, నీలం ఫేజులు. నలుపు న్యూట్రల్. చేతికి అలవాటైపోయి, కళ్ళు మూసుకుని నలుపుని పట్టుకుంటాం. అమెరికాలో కట్టిన బోటులో ఏసీ కరెంటు వైరింగులో నలుపే ఫేజు! తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. అదే బోటులో బ్యాటరీ వైరింగుకి వస్తే నలుపు నెగెటివ్. యూరప్ బోటులో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్. మన దగ్గర నీలం ఫేజు కదా, అక్కడ మళ్ళీ తిరకాసు. మూడు దేశాల బోట్లు ఒకే జెట్టీ మీద ఉంటాయి. పైగా మధ్యలో ఎవడో చేతికి దొరికిన రంగు వైరు వేసి అతుకు వేసి ఉంటాడు.

రంగు ఒక ఊహ, మీటరు ఒక సాక్ష్యం. ముట్టుకునే ముందు ప్రతిసారీ కొలువు.

4. టెస్టరు వెలిగిందని మురిసిపోకు

జేబులో టెస్టరు లేని ఎలక్ట్రీషియన్ మన దగ్గర ఉండడు. ఇళ్ళలో ఫర్వాలేదు. బోటులో అది పచ్చి అబద్ధాలకోరు. న్యూట్రల్ తెగితే న్యూట్రల్ వైరులోనూ వెలుగుతుంది. తడి చేత్తో ఒకలాగా, ఎండిన చేత్తో ఒకలాగా. డిజిటల్ మీటరు కూడా తక్కువేం తినలేదు. ఎక్కడా కలపని వైరు, పక్కన ఫేజు వైరుతో కలిసి పది మీటర్లు పరిగెత్తిందంటే చాలు, మీటరులో 80, 90 వోల్టులు కనిపిస్తాయి. నిజానికి అక్కడ చీమని కదిలించే బలం కూడా లేదు. ఆ దెయ్యం వోల్టేజీ వెనక పడి ఒక రోజంతా పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు, అందులో నేనూ ఒకణ్ణి.

హోల్డరుకి రెండు వైర్లు కట్టిన 60 వాట్ల బల్బు, మన పాత టెస్ట్ ల్యాంపు, దీనికి మందు. బల్బు వెలిగితే అక్కడ బలమున్న కరెంటు ఉన్నట్టు. గుడ్డిగా వెలిగితే ఎక్కడో అడ్డు ఉన్నట్టు. ఒక్కటి గుర్తుంచుకో. ఎర్త్‌కి పెట్టి చూస్తే లీకేజీ పట్టే ఈఎల్‌సీబీ ట్రిప్పవుతుంది, అది బల్బు తప్పు కాదు. ఇంకా, బల్బు వెలగలేదంటే కరెంటు లేదని కాదు, బల్బు మాడిపోయి ఉండొచ్చు. వెలిగే చోట ముందు వెలిగించి చూసి, అప్పుడు అనుమానమున్న చోట పెట్టు.

5. ఈఎల్‌సీబీని తిట్టకు, ప్రశ్నలడుగు

"షోర్ వేయగానే ట్రిప్పవుతోంది." నేను విన్న ఫిర్యాదుల్లో సగం ఇదే.

ఈఎల్‌సీబీ చేసే పని ఒకటే. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో అంతా తిరిగొచ్చిందా లేదా అని తూకం వేస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లు దాటిందంటే ఖాయంగా కొట్టేస్తుంది, సగం దాటినప్పటి నుంచే కొట్టవచ్చు. ఎవడు తిన్నాడో అది చెప్పదు, లెక్క కుదరలేదని మాత్రం చెబుతుంది.

అన్ని ఎంసీబీలూ దించు. మెయిన్ ఎత్తు. ఒక్కొక్కటే ఎత్తుకుంటూ రా. ట్రిప్పయిన చోట దొంగ. పదింట ఆరుసార్లు అది గీజరే. దాని ఎలిమెంట్ లోపల తెల్లటి పొడి ఉంటుంది, అది తేమ పీల్చుకుంటుంది. నెలల తరబడి వాడకుండా వదిలేస్తే ఎలిమెంట్ బాగున్నా లీకేజీ చూపిస్తుంది. విప్పి ఆరబెడితే కొన్ని బాగుపడతాయి. పైన పగులుంటే మాత్రం ఇక పనికిరాదు.

ఇక చిక్కుముడి. అన్ని ఎంసీబీలూ దించేసినా ట్రిప్పవుతోందనుకో. అప్పుడు కుర్రాళ్ళు ఈఎల్‌సీబీ పాడైందని కొత్తది తెస్తారు. కొత్తదీ ట్రిప్పవుతుంది. ఎందుకంటే ఆ ఎంసీబీలు ఫేజుని మాత్రమే కోస్తాయి. న్యూట్రళ్ళన్నీ వెనక బారుకి అలాగే తగిలించి ఉంటాయి. ఎక్కడో ఒక న్యూట్రల్ వైరు ఇన్సులేషన్ ఊడి ఎర్త్‌ని తాకుతూ ఉంటుంది. న్యూట్రళ్ళు ఒక్కొక్కటే బారు నుంచి విప్పితే తప్ప దొరకదు. ఒక బోటులో సోఫా బిగించిన స్క్రూ నేరుగా న్యూట్రల్‌లోకి దిగింది. ఎర్త్ కూడా దాన్నే ముట్టుకుని కూర్చుంది. వడ్రంగి రెండేళ్ళ కిందట కొట్టిన స్క్రూ అది. రెండేళ్ళూ ఆ మెరీనాలో ఈఎల్‌సీబీ లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఇంకో రకం ఉంది. ఏ ఒక్కటి వేసినా ట్రిప్పవదు, అన్నీ వేస్తే అవుతుంది. ఛార్జరులో, టీవీలో, మైక్రోవేవులో లోపల ఫిల్టరు ఉంటుంది, ఒక్కోటి ఒకటో రెండో మిల్లీ ఆంపియర్లు ఎర్త్‌లోకి వదులుతుంది. అది లోపం కాదు, వాటి తయారీ అంతే. పది కలిస్తే గీత దాటుతుంది. అక్కడ దొంగ ఎవడూ లేడు, జనం ఎక్కువయ్యారు. సర్క్యూట్లు రెండు ఈఎల్‌సీబీలకి పంచాలి.

ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గరు పెట్టేటప్పుడు ఛార్జరు, ఇన్వర్టరు, టీవీ అన్నీ విప్పి పక్కన పెట్టు. 500 వోల్టులు వాటిలోకి పంపి, ఖరీదైన సామాను బూడిద చేసి, తర్వాత జీతంలోంచి కట్టుకున్నవాడి పేరు ఇక్కడ రాయను. వాడు ఇప్పుడు పెద్ద ఫోర్‌మన్.

6. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ ముడి ఒక్కచోటే

మన ఇళ్ళలో ఒక దురలవాటు ఉంది. ఎర్త్ సరిగా లేదనుకో, సాకెట్ లోపల న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న ముక్క జంపర్ వేసేస్తారు. టెస్ట్ ల్యాంపు వెలుగుతుంది, ఓనరు సంతోషిస్తాడు. మా వాడు కూడా వేసే ఉంటాడు, అడగలేదు.

బోటులో ఆ పని చేస్తే హత్యే. జెట్టీకి కట్టి ఉన్నంతసేపూ న్యూట్రల్, ఎర్త్ కలిసేది ఒడ్డు మీద మాత్రమే. బోటు లోపల కూడా కలిపావంటే, న్యూట్రల్‌లో రావాల్సిన కరెంటు ఎర్త్ వైరులోనూ, నీళ్ళలోనూ పంచుకుని పోతుంది. ఏ అడాప్టరులోనో ఫేజు, న్యూట్రల్ తారుమారైందా, బోటులో ప్రతి లోహపు బాడీ ఫేజు అయిపోతుంది.

జెనరేటరు మీదో ఇన్వర్టరు మీదో నడిచేటప్పుడు కథ వేరు. అప్పుడు కరెంటు పుట్టేది బోటులోనే కాబట్టి ముడి అక్కడే ఉండాలి. ఇన్వర్టరులో ఒక రిలే ఉండి, షోర్ రాగానే ఆ ముడి విప్పుతుంది. ఆ రిలే అతుక్కుపోతే షోర్ వేసిన మరుక్షణం ట్రిప్పు. గీజరుని అనుమానించి విప్పేముందు ఇన్వర్టరుని పూర్తిగా పక్కకి తప్పించి చూడు.

7. ఆకుపచ్చ వైరు జోలికి పోకు

ఇది కొంచెం పొడుగు. కాని ఈ ఒక్కటీ గుర్తుంటే మిగతావి మర్చిపోయినా బతుకుతావు.

ఉప్పునీళ్ళలో రెండు రకాల లోహాలు ముంచి వైరుతో కలిపితే బ్యాటరీ అవుతుంది. బోటు కింద కంచు ప్రొపెల్లరు, స్టీలు షాఫ్టు ఉంటాయి. అవి తినిపోకుండా జింకు ముక్కలు బిగిస్తాం. జింకు ముందు కరిగి వాటిని కాపాడుతుంది. షోర్ కేబుల్ వేయగానే ఏమవుతుంది? మన ఎర్త్ వైరు స్తంభానికి, స్తంభం పక్క బోటు ఎర్త్‌కి. జెట్టీ మీది బోట్లన్నీ అడుగున ఒకే తీగకి కట్టినట్టే. నువ్వు కొత్త జింకు వేస్తే, పక్క బోటువాడి ప్రొపెల్లరుని కూడా నీ జింకే కాపాడుతుంది. గల్ఫ్ నీళ్ళు వెచ్చన, ఉప్పు ఎక్కువ. ఏడాది రావాల్సిన జింకు రెండు నెలల్లో మాయం.

దీనికి కొందరు మేధావులు కనిపెట్టిన విరుగుడు, ఎర్త్ వైరు కోసేయడం. జింకు నిజంగానే మిగులుతుంది.

షార్జాలో ఒక పాత జెట్టీ. స్తంభాల్లో ఈఎల్‌సీబీలు లేని రోజులు. ఒక బోటు అడుగు గీకడానికి డైవరు దిగాడు. ఐదు నిమిషాలకే పైకొచ్చి, షాఫ్టు పట్టుకుంటే చేతులు జివ్వుమంటున్నాయని చెప్పాడు. నన్ను పిలిచారు. షోర్ కేబుల్ మొత్తాన్ని, మూడు వైర్లూ కలిపి, క్లాంప్ మీటరు దవడలో పెట్టాను. వెళ్ళిందంతా ఆ కేబుల్‌లోనే తిరిగొస్తే సున్నా చూపించాలి. ఒకటిన్నర ఆంపియర్లు చూపించింది. సరే, ఈ బోటులోనే లీకేజీ అని మెయిన్ దించాను. అయినా ఒకటిన్నర ఆంపియర్లే! బోటులో ఏదీ నడవడం లేదు, కరెంటు మాత్రం పారుతోంది.

స్తంభం మీద కూర్చుని ఒక సిగరెట్టు కాల్చాను, అప్పట్లో ఆ అలవాటు ఉండేది. మా గురువుగారు, విశాఖ హార్బర్‌లో నాకు పని నేర్పినాయన, ఒక మాట అనేవాడు: కరెంటు వచ్చే దారి అందరూ చూస్తారు, పోయే దారి చూడరా అని. ఇది వచ్చే కరెంటు కాదు. ఎక్కడి నుంచో నీళ్ళలోకి దిగి, ఈ బోటు ప్రొపెల్లరు ఎక్కి, ఈ ఆకుపచ్చ వైరు పట్టుకుని ఒడ్డుకి ఇంటికి పోతున్న కరెంటు.

వాచ్‌మన్‌ని బతిమాలి, చుట్టూ ఉన్న బోట్ల షోర్ ఒక్కొక్కటే ఆపించాను. మూడో బోటు ఆపగానే నా క్లాంపు సున్నాకి పడింది. ఆ బోటు ఎక్కి చూస్తే గీజరు ఎలిమెంట్ నిలువునా పగిలి ఉంది. ఇన్‌లెట్ వెనక ఆకుపచ్చ వైరు కోసి, కొసకి నీటుగా టేపు చుట్టి ఉంది. జింకు దాచిన మేధావి చేసిన పని. ఆ బోటులో గీజరు బాగానే పనిచేస్తోంది, నీళ్ళు వేడెక్కుతున్నాయి, ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. వాళ్ళ కరెంటు తిరిగి రావడానికి వైరు లేక సముద్రం ఈది పక్కవాడి ఇంట్లోంచి వెళ్ళింది. మధ్యలో ఒక మనిషి షాఫ్టు పట్టుకుని ఉన్నాడు.

జింకు మిగలాలంటే వైరు కోయకూడదు, గాల్వానిక్ ఐసొలేటరు పెట్టాలి. అందులో డయోడ్లు ఉంటాయి. సుమారు 1.2 వోల్టుల లోపు డీసీని ఆపేస్తాయి, లోహాల మధ్య పుట్టేది అంతకన్నా తక్కువే. నిజమైన లీకేజీ వస్తే మాత్రం తలుపు తీసి పంపేస్తాయి. డబ్బున్నవాడైతే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టించుకుంటాడు. ఐసొలేటరు మాడిపోతే అది కూడా కోసిన వైరుతో సమానం, కాబట్టి ఏటా పరీక్షించు.

అన్నట్టు, జింకు రెండు నెలల్లో కాదు, రెండు వారాల్లోనే పోతే పక్కవాణ్ణి అనకు. నీ బోటు అడుగున చేరే నీళ్ళు తోడే బిల్జ్ పంపు వైరు అతుకు నీళ్ళలో నానుతోందేమో చూడు. బ్యాటరీ ప్లస్సు నీళ్ళని తాకితే జింకు, తర్వాత ఇత్తడి వాల్వులు, తర్వాత బోటు.

8. మంచినీళ్ళు ఇంకా ప్రమాదం

ఉప్పునీళ్ళు మనిషి ఒంటికన్నా బాగా కరెంటుని పారనిస్తాయి. అందుకే ఆ డైవరు చుట్టూ ఉన్న నీళ్ళే చాలా భాగం మోసుకుపోయాయి, అతను జివ్వుమనడంతో బయటపడ్డాడు. నదిలో, చెరువులో తారుమారు. అక్కడ నీళ్ళకన్నా మనిషి ఒళ్ళే సులువైన దారి. పది, పదిహేను మిల్లీ ఆంపియర్లు చాలు, కండరాలు మాట వినవు, ఈతగాడు కూడా కేక వేయకుండా మునిగిపోతాడు. శవపరీక్షలో మునక అనే తేలుతుంది. అమెరికాలో మంచినీటి సరస్సుల మెరీనాల్లో ఇలా పిల్లలు పోయాకే దీన్ని గుర్తించారు. వాళ్ళ విద్యుత్ కోడ్ మెరీనాల లీకేజీ హద్దుని 2011లో 100 మిల్లీ ఆంపియర్లనీ, 2017లో 30 అనీ బిగించింది.

ఇది గల్ఫ్‌కి వెళ్ళేవాడికి కాదు, ఇక్కడ ఉండేవాళ్ళకి చెబుతున్నాను. గోదావరి పాయల్లోనో, హుస్సేన్ సాగర్‌లోనో, కృష్ణా రేవుల్లోనో ఏసీ గదుల బోటుకి ఒడ్డు నుంచి వైరు లాగే ప్రతివాడూ ఈఎల్‌సీబీ టెస్టు బటన్ నెలకోసారి నొక్కాలి. వైరు వేసి ఉన్న బోటు పక్కన పిల్లల్ని ఈతకి దించకూడదు.

9. నత్తనడక గడియారం

ఫ్లోరిడా నుంచి కొని తెచ్చిన బోటు. సముద్రంలో ఏసీ భేషుగ్గా చల్లబరుస్తుంది, జెట్టీకి కట్టిన గంటకే కంప్రెసరు వేడెక్కి ఆగిపోతుంది. ముగ్గురు గ్యాస్ నింపి డబ్బులు తీసుకుని వెళ్ళారట. నేను వోల్టేజీ కొలిచాను, బాగుంది. ప్లగ్గు పిన్నులు చల్లగా ఉన్నాయి. ఏమీ తోచక వంటగదిలో నిలబడితే పొయ్యి మీది గడియారం కంటబడింది. నా చేతి గడియారంతో పోల్చి సరిచేసి పెట్టాను. గంట తర్వాత అది పది నిమిషాలు వెనకబడింది.

అమెరికా కరెంటు సెకనుకి 60 సైకిళ్ళు, ఇక్కడ 50. కరెంటు అలల్ని లెక్కపెట్టి నడిచే గడియారం, గంటలో యాభై నిమిషాలే నడిచింది. మోటార్లూ అంతే, ఆరో వంతు నెమ్మది. నెమ్మదిస్తే ఊరుకోవు, అదే వోల్టేజీకి ఇనుము ఎక్కువ నిండి వేడెక్కుతాయి. పైగా ఆ ఏసీని చల్లార్చే సముద్రపు నీరే ఆగస్టులో 33, 34 డిగ్రీలు. బోటు జెనరేటరు 1800 తిరుగుళ్ళ మీద 60 సైకిళ్ళే ఇస్తుంది కాబట్టి సముద్రంలో ఏ గొడవా లేదు. యజమాని "ట్రాన్స్‌ఫార్మరు ఉంది కదా" అన్నాడు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని మారుస్తుంది, సైకిళ్ళని మార్చదు. రెంటికీ సరిపడే కంప్రెసరు వేయించాం. గీజరుకి మాత్రం ఈ తేడా పట్టదు, దానికి 60 అయినా 50 అయినా ఒకటే వేడి.

10. ఛార్జరు చచ్చిన బ్యాటరీకి మేకప్పు వేస్తుంది

షోర్ ఉన్నంతసేపూ ఛార్జరే అంతా మోస్తుంది. లైట్లు దేదీప్యం. మీటరు 13.5 చూపిస్తుంది. అది బ్యాటరీ వోల్టేజీ కాదు, ఛార్జరుది. షోర్ తీసి, అన్నీ ఆపి, కనీసం నాలుగు గంటలు వదిలేసి కొలువు. 12.7 ఉంటే నిండుగా ఉంది, 12.1 అంటే సగం ఖాళీ. తర్వాత లైట్లు, పంపు వేసి ఎంత త్వరగా పడిపోతుందో చూడు. గల్ఫ్ ఎండల్లో బ్యాటరీ నిండాక కూడా ఛార్జరు ఇచ్చే ఫ్లోట్ వోల్టేజీ తగ్గించాలి, 25 డిగ్రీలకన్నా 45 దగ్గర అరవోల్టు దాకా. లేకపోతే బ్యాటరీ నీళ్ళు ఆవిరై ప్లేట్లు బయటపడతాయి.

ఒకాయన వేసవికి లండన్ వెళ్ళాడు. షోర్ ఉంది, ఛార్జరు ఉంది, బిల్జ్ పంపు బ్యాటరీ మీద ఉంది, భయం లేదనుకున్నాడు. మధ్యలో ఎప్పుడో స్తంభం ట్రిప్పయింది. చచ్చిన బ్యాటరీ మీద పంపు ఎంతసేపు ఆడుతుంది? షాఫ్టు దగ్గర కారే చుక్క చుక్కా చేరి, ఆయన తిరిగొచ్చేసరికి డెక్ మీద చేపలు తిరుగుతున్నాయి.

11. ప్లగ్గు వరస

వేసేటప్పుడు ముందు బోటు వైపు, తర్వాత స్తంభం, చివర ఎంసీబీ. తీసేటప్పుడు ముందు ఎంసీబీ, తర్వాత స్తంభం, చివర బోటు. ప్రాణమున్న కొస నీ చేతిలో ఉండగా కాలు జారకూడదు.

12. దయగల మనుషులతో జాగ్రత్త

స్తంభం మీద ఎంసీబీ దించి, లోపల ప్యానెల్‌లో రెండు చేతులూ పెట్టి లగ్గు బిగిస్తున్నాను. ఆ రోజే చేరిన వాచ్‌మన్ జెట్టీ మీద నడుస్తూ, పాపం ఎవరి కరెంటో పోయిందనుకుని, పిడి పైకెత్తి వెళ్ళాడు. నేను వెనక్కి విసిరినట్టు పడ్డాను. కుడి చెయ్యి సాయంత్రం దాకా నాది కాదు. అతను పరిగెత్తుకొచ్చి ఏడ్చాడు, నేనే ఓదార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఎంసీబీ దించి ఊరుకోలేదు. కేబుల్ పీకి, ప్లగ్గు కొసని నా టూల్ బ్యాగు పక్కన, కంటికి కనిపించేలా పెట్టుకునేవాణ్ణి. ఒక చెయ్యి వీలైనప్పుడల్లా జేబులో.

నిన్న మా వాడికి కావలసినవి కొన్నాను. లీకేజీ కొలిచే క్లాంప్ మీటరు, అది ఖరీదే, వాళ్ళ అమ్మకి చెప్పొద్దన్నాను. రబ్బరు సోలు బూట్లు. హోల్డరు, బల్బు, రెండు మీటర్ల వైరు. ప్లగ్గు పిన్నుల మీద తొడిగి తాళం వేసే ఎర్ర ప్లాస్టిక్ డబ్బా ఒకటి. "ఇదెందుకు మావయ్యా, అక్కడ స్టోర్సులో ఇస్తారు కదా" అన్నాడు. ఇస్తారు. కాని స్టోర్సు తాళాలకి ఇంకో చెవి ఆఫీసులో మేకుకి వేలాడుతుంటుంది. దీని రెండో చెవి బీచ్ రోడ్డు మీద నడకకి వెళ్ళినప్పుడు సముద్రంలోకి విసిరేసి వచ్చాను.